రెండో వరుసలో శ్రీరామ

ఇది యాదగిరి అనే నేను, ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి స్పృహలో రాస్తున్న నిజం.

శ్రీరామ.

పై మాట మొదటి వరుసలో ఉండాల్సింది కదా, రెండో వరుసలోకి ఎందుకు జారిందని మీరు ఈపాటికి కనుబొమ్మలు ఎగరేసే ఉంటారు. అచ్చుతప్పు కాదు. ఆ ఒక్క వరుస తేడాతోనే ఒకప్పుడు ఒక కంప్యూటర్ సెంటర్ అల్లకల్లోలమైంది, నా బతుకు జనగామ ఎరువుల దుకాణం గడప దాకా పోయి తిరిగొచ్చింది. ఆ విధ్వంసం ఎలా జరిగిందో ఇప్పుడు చెబుతాను.

నిజానికి నేను నోరు మూసుకుని ఉండిపోదామనే అనుకున్నాను. నా స్నేహితుడు దేవదానం ఉండనివ్వడం లేదు. ఏ పెళ్ళికి పోయినా బంతిలో నా పక్కనే కూర్చుంటాడు. పప్పు వడ్డించేటప్పుడు ఈ కథ మొదలుపెట్టి పెరుగు వచ్చేసరికి ముగిస్తాడు. ముగిస్తే ముగించాడు, ఏటేటా పెంచుతున్నాడు. మొదట్లో నేను కంప్యూటర్‌కు అగరుబత్తి ముట్టించానని చెప్పేవాడు. కొన్నాళ్ళకు కొబ్బరికాయ కొట్టానన్నాడు. మొన్నామధ్య ఒక పెళ్ళిలో, మటన్ రుచి తలకెక్కిందో ఏమో, కోడిని కూడా కోశానన్నాడు. పెళ్ళికూతురి చిన్నాన్న నా వైపు చూసిన చూపు నేను మరచిపోలేను. అందుకే ఈ నిజం కాగితం మీద పెట్టక తప్పడం లేదు. అయ్యా, నేను కోడిని కోయలేదు. కొబ్బరికాయ కొట్టలేదు. అగరుబత్తి సంగతి వచ్చినప్పుడు మాట్లాడుకుందాం.

తొంభైల చివరి రోజులు. నేను యూనివర్సిటీలో ఎం.ఏ. హిస్టరీ. దేవదానం ఎమ్మెస్సీ బాటనీ. ఇద్దరం క్యాంపస్ పక్కన అడిక్‌మెట్‌లో ఒక గదిలో ఉండేవాళ్ళం. హిస్టరీ వాడికి కంప్యూటర్‌తో పనేమిటంటారా? అదే నా గొప్ప. నేను కంప్యూటర్‌ను ఏ ఇన్‌స్టిట్యూట్‌లోనూ నేర్చుకోలేదు. లైబ్రరీలో నేర్చుకున్నాను. అక్కడ జావా పుస్తకం ఒకటి ఉండేది. ఇటుక అంత మందం, ఇటుక అంత బరువు, మొదటి వారం ఇటుక అంతే అర్థమైంది. ఇంటికి ఇచ్చేవాళ్ళు కాదు, అక్కడే కూర్చుని చదవాలి. చదివాను. కొన్నాళ్ళకు ఇటుక కరగడం మొదలైంది. జావాలో ప్రతి క్లాసుకూ, అంటే ప్రోగ్రాములో ఒక్కో ముక్కకూ, అసలు పేరు ముందు ఇంకో పొడుగాటి పేరు తగిలిస్తారని చదివినప్పుడైతే కుర్చీలోంచి లేచాను. ఇంటిపేరు ముందు, మనిషి పేరు తర్వాత! ఇది మన పద్ధతే కదా! ఆ రోజు నుంచి జావా మా చుట్టాల భాష అయిపోయింది.

చుట్టరికం కలిశాక ఊరుకుంటానా? ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ఇంట గెలవకముందే రచ్చలో షామియానా వేశాను. కంప్యూటర్ సెంటర్‌కు హెడ్ వసుంధర మేడం. లైబ్రరీ పుస్తకాల వివరాలన్నీ అప్పట్లో చెక్క సొరుగుల్లో, అట్ట కార్డుల మీద ఉండేవి. ఆ సొరుగు లాగుతుంటే కార్డుల కంటే ముందు బొద్దింకలు వచ్చేవి. క్యాంపస్‌లో ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నా పుస్తకం ఉందో లేదో కనబడేలా చేయాలని మేడం కోరిక. ఆ మాట నా చెవిన పడింది. పోయి నిలబడ్డాను.

"నువ్వు హిస్టరీ కదా యాదగిరీ? జావాల చేస్తవా నిజంగ?"

"చేస్త మేడం. పుస్తకం మొత్తం చదివిన."

"పుస్తకం చదివితే ఈత వస్తదా?"

"ఈత పుస్తకం గూడ చదివిన మేడం."

ఆమె నవ్వింది. ఆ నవ్వే నా కొంప ముంచింది. "సరే, మూల మీది కంప్యూటర్ వాడుకో. శనివారం లైబ్రేరియన్ చారి సార్‌ను తీసుకొస్త. ఆయన ముంగట నడిచి ఆయన బాగుందన్నడనుకో, ప్రాజెక్ట్ అసిస్టెంట్ ఉద్యోగం నీదే. నడవలేదనుకో, నాకు కంప్యూటర్ సైన్స్ పిల్లలు మస్తుగున్నరు."

నడవకపోతే ఏమవుతుందో ఆమె సగమే చెప్పింది. మిగతా సగం నాకు తెలుసు. మా మేనమామకు జనగామలో ఎరువుల దుకాణం. "ఎం.ఏ. అయిపోంగనె వచ్చి గల్ల కాడ కూసో అల్లుడా, హిస్టరీ తోని యూరియ అమ్ముడుపోతదా సూద్దాం" అని ఉత్తరం మీద ఉత్తరం. నాకు యూరియా బస్తా ఆమడ దూరంలో ఉండగానే తుమ్ములొస్తాయి. కాబట్టి శనివారం నాకు వారం కాదు, గీత. ఇటు పక్క పుస్తకాలు, అటు పక్క తుమ్ములు.

క్లాసులన్నీ రాశాను. అచ్చంగా బాగా రాశాను, ఇప్పటికీ ఆ మాట అంటాను. ఇక మిగిలింది కాన్ఫిగరేషన్ ఫైలు. దాని పని చెప్పాలంటే తార్నాక చౌరస్తా చూడాలి. అక్కడ కానిస్టేబుల్ నిలబడి, నల్లకుంట బస్సు ఇటు, మెట్టుగూడ బస్సు అటు అని చేయి ఊపుతాడు. ఆయన లేకపోతే బస్సులన్నీ మంచివే, డ్రైవర్లంతా ఘనులే, కాని ఒక్కటీ కదలదు. జావా వెబ్ అప్లికేషన్‌లో ఆ కానిస్టేబులే ఈ ఫైలు. ఏ అడ్రసు కొడితే ఏ క్లాసు లేవాలో అందులో రాసి పెడితే, సర్వరు లేవగానే అది చదువుకుని చేయి ఊపుతుంది. ఫైలు పేరు వెబ్ డాట్ ఎక్స్ఎంఎల్. నలభై వరుసలకు మించదు.

పుస్తకం బయటికి రాదు కనుక, అందులోని నమూనా ఫైలును లైబ్రరీ బల్ల మీద పెన్సిల్‌తో కాగితం మీదికి ఎక్కించుకున్నాను. కాగితం ముట్టుకోగానే నా చేయి ఏం చేస్తుంది? పైన శ్రీరామ అని రాస్తుంది. ఒకటో తరగతి నుంచి పరీక్ష పేపరైనా, కిరాణా చిట్టీ అయినా నా చేతికి అదే అలవాటు. ఆ తర్వాతే మిగతా లోకం.

ఇక ఆ రోజుల్లో కంప్యూటర్ సెంటర్ ఎలా ఉండేదో కూడా చెప్పాలి. గుమ్మం ముందు "చెప్పులు ఇక్కడ విడవండి" అని బోర్డు. లోపలికి పోతే గర్భగుడి చల్లదనం. గట్టిగా మాట్లాడితే కసురుతారు. నడుమ ఎత్తు బల్ల మీద సర్వరు, సాయంత్రం దానికి ఎర్రగుడ్డ కప్పి తలుపు వేస్తారు. మీరే చెప్పండి, చెప్పులు విడిచి పోయే చోటికి పోయి దేవుడి పేరు తలవకుండా పని మొదలుపెట్టేవాడు మనిషేనా?

గురువారం మధ్యాహ్నం నా కాగితం చూసి ఫైలు టైపు చేయడం మొదలుపెట్టాను. ఏసీ గాలి కోసం నా వెంట వచ్చిన దేవదానం పక్క కుర్చీలో కాళ్ళు మడిచి కూర్చున్నాడు. మొదటి వరుసలోనే ఆపాడు.

"అరే, గిదేంది? శ్రీరామ అని కొడ్తున్నవు? కంప్యూటర్‌కు ఏం సమజైతది?"

"నువ్వు ఊకో. దీన్ని కామెంట్ అంటరు. ఈ గుర్తుల నడుమ ఏం రాసినా కంప్యూటర్ చూడదు. పుస్తకంల ఉన్నది."

"కంప్యూటర్ చూడనప్పుడు ఎందుకు రాసుడు?"

"కంప్యూటర్ చూడదు. దేవుడు చూస్తడు."

ఈ జవాబుకు నాకు నేనే ముచ్చటపడి, కింద రెండో వరుసలో పుస్తకంలో ఉన్నట్టే "నేను ఎక్స్ఎంఎల్ ఫైలును" అని చెప్పుకునే డిక్లరేషన్ వరుస కొట్టి, మిగతాదంతా పూర్తి చేసి, సర్వరు లేపాను.

లేవలేదు. తెర మీద ఒక ఎర్రర్. రెండో వరుసలో తప్పుంది అన్నది. దాని పక్కనే ఒక వాక్యం: ఎక్స్ఎంఎల్ డిక్లరేషన్ మే ఓన్లీ బిగిన్ ఎంటిటీస్.

రెండో వరుస చూశాను. అక్షరం అక్షరం పుస్తకంలోదే. మళ్ళీ కొట్టాను. అదే ఎర్రర్. కామాలు చూశాను, చుక్కలు చూశాను, ముక్కు తెరకు ఆనేదాకా చూశాను. దేవదానం ఆవులించాడు.

"ఇంగ్లీషుల ఏమంటున్నదిరా అది?"

లైబ్రరీ బిడ్డనైన నాకు ఆ ప్రశ్న పండగ. పరుగెత్తి పోయి, లావుపాటి నిఘంటువు తిరగేసి, అనువాదం తయారు చేసుకొచ్చి, గొంతు సవరించుకుని చదివాను. "ప్రకటనము సత్తలను మాత్రమే ఆరంభించవచ్చును!"

దేవదానం చెవిలో వేలు పెట్టి తిప్పుకున్నాడు. "యాద్గిరీ, ఇది ఎర్రర్ కాదురా భై. ఎవరో సన్యాసి కొండ మీద కూసొని చెప్పిన మాట ఇది."

నాకూ అలాగే అనిపించింది. అంతటి గంభీరమైన వాక్యం ఉత్త చుక్కకో కామాకో రాదు. ఏదో అపచారం జరిగింది. ఆలోచించాను. దొరికింది! నుదురు కొట్టుకున్నాను.

"అరే, ముందు వినాయకుడు గద! వినాయకుణ్ణి ఇడిచిపెట్టి సీదా రాముని కాడికి పోయిన!"

శ్రీరామ పైన ఒక వరుస పెంచి వినాయకుణ్ణి కూర్చోబెట్టాను. సర్వరు లేపాను. మళ్ళీ ఎర్రరే. కాని ఈసారి అది రెండో వరుసలో లేదు. మూడో వరుసలో ఉంది!

మీరు నవ్వుతున్నారు. నవ్వండి. ఆ క్షణంలో మీరు నా పక్కన ఉంటే మీరూ నమ్మేవారు. మధ్యాహ్నం నుంచి రెండో వరుసను పట్టుకుని జలగలా వేలాడుతున్న తప్పు, వినాయకుడు రాగానే ఒక్క అడుగు వెనక్కి వేసింది!

"జరిగింది!" అని అరిచాను. చుట్టూ ఉన్నవాళ్ళు కసిరారు. "జరిగింది దేవదానం, చూసినవా! నూకుతున్నడు!"

సెంటర్ మూసే వేళయ్యింది. ఇద్దరం నడుచుకుంటూ తార్నాకకు పోయి, అజీజ్ భాయ్ హోటల్లో కూర్చున్నాం. అజీజ్ భాయ్ గల్లా దగ్గర కూర్చుని, ఎవరు లోపలికొచ్చినా ముందు మొహం చూసి ఆ తర్వాత చాయ్ చెప్పే మనిషి.

"క్యా మియా, మొహం చాయ్‌ల నానిన బిస్కట్ లెక్క అయింది?"

కథంతా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. కంప్యూటర్ అన్న చోటల్లా దుకాణం అని అర్థం చేసుకున్నాడని నా అనుమానం.

"కొత్త కామ్ షురూ చేస్తే మా అబ్బాజాన్ కాగితం మీద ఊపర్ 786 రాసెటోడు. నువ్వేం రాసినవ్?"

"శ్రీరామ రాసిన భాయ్. వినాయకుణ్ణి గూడ రాసిన."

"అచ్ఛా కియా. మాది గూడ ఒకటి వెయ్. కామ్ బడా ఉన్నది, ఒక్కరితోని కాదు."

"గట్లయితె మా ప్రభువు ఏం పాపం చేసిండు?" అని దేవదానం లేచాడు. "మా అమ్మ పరీక్ష అట్ట మీద గూడ సిలువ గీసి పంపేది. అందుకే పాసైన. ప్రభువుకు స్తోత్రం అని ఒక లైను నా తరఫున వెయ్‌రా. మా మెదక్ దిక్కు ప్రార్థన అంటె ఉత్తగ పోదు."

శుక్రవారం పొద్దున ఆ రెండు వరుసలూ పెట్టాను. ఎర్రర్ ఐదో వరుసకు పారిపోయింది. ఇక నాకు ఆపుకోలేని ఆనందం. కాగితం తీసి సిద్ధాంతం రాశాను. ఒక్కో దేవుడు తప్పును ఒక్కో వరుస కిందికి నెడతాడు. ఫైలులో ఉన్నవి నలభై వరుసలు. అంటే ఇంకొందరిని పిలిస్తే తప్పు ఫైలు చివరికి పోయి, అక్కడి నుంచి కిందపడి చస్తుంది.

"దేవుళ్ళకు మన దగ్గర కరువా?" అన్నాడు దేవదానం. బాటనీ వాడికి కూడా ఉత్సాహం వచ్చేసింది. "చెప్పు, నేను చెప్తుంటె నువ్వు కొట్టు."

పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికొకడు. మేం రోకలి ఒక్కటే చాలదని రోలు కూడా తెప్పించాం. నా పేరింటి దేవుడు యాదగిరి నర్సింహస్వామి వచ్చాడు. కొమురవెల్లి మల్లన్న వచ్చాడు. వేములవాడ రాజన్న వచ్చాడు. ఎల్లమ్మ, పోచమ్మ, మైసమ్మ వరసగా వచ్చారు. మేడారం దేవతల దగ్గరికి వచ్చేసరికి మా ఇద్దరికీ చిన్న తగువైంది.

"సమ్మక్క సారలమ్మ ఒక్క లైన్లనా, రెండు లైన్లనా?"

"తల్లీబిడ్డలు గదరా, ఒక్క లైన్ల కూసుంటరు."

"పిచ్చోడా, రెండు లైన్లు పెట్టు. ఒక లైను కలిసొస్తది!"

పెట్టాను. ఎర్రర్ పదమూడో వరుసకు చేరింది. ఇద్దరం చేతులు కలుపుకున్నాం.

ఇక్కడే అగరుబత్తి సంగతి వస్తుంది. అబద్ధం చెప్పను, ముట్టించాను. కాని లోపల కాదు. బయట, చెప్పుల పక్కన, గోడ సందులో ఒకే ఒక్కటి గుచ్చి వచ్చాను. ఆ గోడకు అవతలే ఏసీ ఉందన్న సంగతి, అది బయటి గాలిని లోపలికి లాగుతుందన్న సంగతి నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. కాసేపటికి సెంటరంతా మల్లెపూల వాసన. వసుంధర మేడం గదిలోంచి ఉరికి వచ్చింది.

"ఏదో కాలుతున్నది! మెయిన్ బంద్ చెయ్యండి! తొందరగ!"

మెయిన్ బంద్ అయింది. గదిలో ఉన్న కంప్యూటర్లన్నీ ఒక్కసారి కళ్ళు మూశాయి. పొద్దున్నుంచి ప్రాజెక్ట్ రిపోర్టు కొట్టుకుంటున్న ఒక అమ్మాయి "సేవ్ చేయలే..." అని అన్న ఆ ఒక్క మాటలో ఉన్న శోకం నేను మళ్ళీ ఎక్కడా వినలేదు. మేడం ముక్కు ఎగబీల్చుకుంటూ గోడ దాకా పోయింది, సందులో చూసింది, నన్ను చూసింది. నేను కిటికీలోంచి చెట్లను చూశాను. నా ఫైలు మాత్రం భద్రంగా ఉంది. పన్నెండు మంది కాపలా ఉండగా దానికేమవుతుంది?

కరెంటు వచ్చాక చూస్తే దేవదానం వేళ్ళు మడుస్తూ లెక్క వేస్తున్నాడు.

"యాద్గిరీ, ఒక డౌటు."

"చెప్పు."

"దేవుళ్ళు పెరుగుతుంటె ఫైలు గూడ పెరుగుతది గదరా? అప్పుడు నలభై, ఇప్పుడు యాభై దాటింది. తప్పు ఎంత కిందికి జరిగితె, చివర గూడ అంత కిందికే జరుగుతున్నది. ఇగ అది పడేదెప్పుడు?"

రెండు రోజులుగా నేను నా నీడను దాటిపోవడానికి పరుగెత్తుతున్నాను. గోడ గడియారం ఐదున్నర చూపిస్తోంది. సర్వరు మీద ఎర్రగుడ్డ కప్పారు. నాకు మాత్రం అది యూరియా బస్తా మీద కప్పిన పట్టాలా కనబడింది. అప్పుడే ఒక తుమ్ము కూడా వచ్చింది.

"ఏమైతదిరా? పోతె పోయింది," అన్నాడు దేవదానం మెట్లు దిగుతూ. కాసేపాగి, "జనగామకు పోతె మాత్రం పుస్తకాలు ఎవరు తెచ్చిస్తరు నీకు?" అని తనే అన్నాడు. ఆ రాత్రి అన్నం సయించలేదు. వాడు నా వాటా కూడా తిన్నాడు, అది వేరే సంగతి.

శనివారం చారి సార్ వచ్చాడు. లైబ్రరీలో ముప్పై ఏళ్ళు పనిచేసిన పెద్దమనిషి, రిటైర్‌మెంట్ దగ్గర పడింది. చెప్పులు విడిచి, పంచె సవరించుకుని, కుర్చీలో కూర్చున్నాడు. "ఏమయ్యా, ఏది, చూపియ్. నా సొరుగులు అన్ని దీంట్ల దూరినయంట గద?"

సర్వరు లేపాను. పదమూడో వరుస, ప్రకటనము, సత్తలు. అన్నీ మళ్ళీ దర్శనమిచ్చాయి.

"ఫైలు తెరువు, చూద్దాం," అంది మేడం.

తెరవక తప్పలేదు. చారి సార్ కళ్ళజోడు పెట్టుకుని తెర దగ్గరికి జరిగి పైనుంచి చదవడం మొదలుపెట్టాడు. ఒక్కో పేరుకూ అలవాటుగా చేయి గుండెల మీదికి పోతోంది. "గణేశాయ నమః... శ్రీరామ... ఏడు ఎనిమిది ఆరు... ప్రభువుకు స్తోత్రం... నర్సింహస్వామి... మల్లన్న... రాజన్న... పోచమ్మ తల్లి గూడ ఉన్నదా!..."

మేడం చేతులు కట్టుకుంది. "యాదగిరీ, ఇది కాన్ఫిగరేషన్ ఫైలా, పెండ్లి పత్రికనా?"

"పెండ్లి పత్రికే మేడం," అన్నాడు చారి సార్. "పిల్ల పేరొక్కటే తక్కువున్నది."

వెనకాల దేవదానం దగ్గుతున్నాడు. దగ్గు కాదని నాకు తెలుసు.

మేడం మాత్రం నవ్వలేదు. తెర మీది వాక్యం మీద వేలు పెట్టింది. "ఇది ఏం చెప్తున్నదో చెప్పు."

గొంతు సవరించుకున్నాను. "ప్రకటనము సత్తలను మాత్రమే..."

"ఆగు. డిక్షనరీ పక్కన పెట్టు. మీ ఇంట్ల మాట్లాడినట్టు చెప్పు. మీ అమ్మకు చెప్పాల్నంటె ఎట్ల చెప్తవు?"

మా అమ్మకు చెప్పాలంటే! ఆమెకు సత్తలంటే తెలియవు. మళ్ళీ ఇంగ్లీషు చూశాను, ఒక్కొక్క మాట దించుకుంటూ పోయాను. "డిక్లరేషను... ఉంటె గింటె... మొదట్లనే ఉండాలె అమ్మా. ఇంకేడ ఉండొద్దు."

అన్నాను. అన్నాక నా మాట నా చెవికే వినబడింది. మొదట్లనే ఉండాలె. డిక్లరేషన్ వరుస చూశాను. దాని ముందు పన్నెండు మంది నిలబడి ఉన్నారు. తప్పు ఎప్పుడూ ఎక్కడికీ పారిపోలేదు. అదే వరుస. మేమే దాన్ని ఒక్కో అడుగు వెనక్కి తోసుకుంటూ పోయాం. అదేమో రెండు రోజులుగా, "అయ్యా, నన్ను ముందు నిలబడనియ్యండి" అని మొత్తుకుంటోంది!

"మేడం, దొరికింది!" అన్నాను. అరిచానేమో కూడా. "పైన ఏమీ ఉండొద్దు మేడం, శ్రీరామ గూడ!"

"మరి తీసెయ్."

అక్కడ వచ్చింది చిక్కు. పన్నెండు వరుసలూ మౌస్‌తో నల్లగా పట్టుకున్నాను. డిలీట్ మీట మీద వేలు పెట్టాను. వేలు కదలదు. పోచమ్మను డిలీట్ చేయడమా? దేవదానం వైపు చూశాను.

"నా దిక్కు చూడకు," అన్నాడు. "నీ దేవుళ్ళను నువ్వు తీసుకో. నా లైను ముట్టుకుంటె మా అమ్మకు చెప్త."

చారి సార్ కూడా కుర్చీ కొంచెం వెనక్కి జరిపాడు. "నా ముంగట వద్దయ్యా. రిటైర్‌మెంట్ దగ్గర్కొచ్చింది."

అప్పుడు వసుంధర మేడం ఆ రోజు మొదటిసారి నవ్వింది. "తీసెయ్యమంటె చంపమని కాదు. లోపలికి తీసుకపో. చెప్పులు బయట విడిచినవు, మంచిదే. దేవుళ్ళను గూడ చెప్పుల కాన్నే నిలబెడ్తివి గదయ్యా! డిక్లరేషన్ దర్వాజ అనుకో. దర్వాజ దాటించి లోపల కూసోబెట్టు."

పన్నెండు మందిని ఒక్కసారి ఎత్తుకున్నాను. అది కట్ అండ్ పేస్ట్ కాదు, ఊరేగింపు. డిక్లరేషన్ వరుస కింద, లోపల, మర్యాదగా దించాను. మొదటి వరుస బోసిపోయి, తన వరుస తనకు దక్కి, నిటారుగా నిలబడింది. సర్వరు లేపాను.

లేచింది. ఒక్క మాట అనకుండా, ఎవరి మీదా కోపం పెట్టుకోకుండా లేచింది. తెర మీద నేను కలలో కూడా చూసుకున్న పేజీ, నడుమ పుస్తకం పేరు కొట్టే తెల్లటి గడి.

"ఏదైనా అడగండి సార్."

చారి సార్ గడ్డం గోక్కున్నాడు. "రిటైర్ అయినంక మావోడు కోళ్ళ ఫారం పెడ్దామంటున్నడు. కోళ్ళ మీద ఏమన్న ఉన్నయా చూడు."

కొట్టాను. తార్నాక చౌరస్తాలో కానిస్టేబుల్ చేయి ఊపాడు. కోళ్ళ పెంపకం మీద పుస్తకం వచ్చింది, అల్మారా ఎక్కడో వచ్చింది, దాని కింద ఇంకో మాట కూడా వచ్చింది: పుస్తకం బయట ఉంది, గడువు దాటి రెండేళ్ళు, తీసుకున్నవారు చారి సార్.

సార్ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని చూశాడు. పేరు మారలేదు.

"బాగున్నదయ్యా," అన్నాడు గబగబా లేస్తూ. "మస్తు నడుస్తున్నది. ఉన్నదున్నట్టు చెప్తున్నది. మేడం, పిల్లగానికి ఆ పోస్టు ఇచ్చెయ్యండి. ఇగ దాన్ని బంద్ చెయ్ బిడ్డా, బంద్ చెయ్."

ఉద్యోగం వచ్చింది. సోమవారం నుంచి రమ్మన్నారు. కోళ్ళ పుస్తకం కూడా ఆ సోమవారమే లైబ్రరీకి తిరిగొచ్చింది. దేవదానం చెప్పే కథలోకి కోడి ఎక్కడి నుంచి వచ్చిందో మీకిప్పుడు అర్థమై ఉంటుంది. ఆ కోడి నాది కాదు, చారి సార్‌ది. అదీ పుస్తకంలో కోడి.

ఆ రోజు నుంచి నాకో జబ్బు పట్టుకుంది. ఏం రాసినా మొదటి వరుస వదిలి, శ్రీరామను రెండో వరుసలో పెడుతున్నాను. కొన్నేళ్ళకు నా పెళ్ళి కుదిరి, నల్లకుంటలో ఒక ప్రెస్సుకు పత్రిక అచ్చు వేయించడానికి పోయాను. నేను రాసిచ్చిన కాగితంలో పై వరుసలో ముహూర్తం, దాని కింద శ్రీరస్తు. ప్రెస్సాయన చదివి, కలం కింద పెట్టేశాడు.

"తప్పున్నదన్నా. శ్రీరస్తు మొదట్లనే ఉండాలె. ఇంకేడ ఉండొద్దు."

ఆ మాట నేను ఎక్కడో విన్నాను. ఆయనతో వాదించలేదు. ఒకసారి దెబ్బ తిన్నవాణ్ణి, ఎర్రర్ వస్తే చదువుకునే తెలివి నాకిప్పుడు ఉంది.

కాబట్టి ఇందుమూలంగా సమస్త పాఠకుల ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఏ గడప ముందుకు పోయినా, మొదటి వరుస ఎవరిదో అడిగి తెలుసుకోనిదే అక్షరం ముట్టను. ఎర్రర్‌ను గ్రాంథికంలోకి అనువదించను, అమ్మకు చెప్పినట్టు చెప్పుకుంటాను. ఏసీ ఉన్న గోడకు వంద గజాల లోపల అగరుబత్తి వెలిగించను. ఈ ప్రమాణం తప్పితే జనగామ పోయి యూరియా బస్తా మీద కూర్చుని తుమ్ముతూ బతుకుతాను.

ఇక కృతజ్ఞతలు. నా మాటలను నాకే వినిపించిన వసుంధర మేడంకు. తన సొరుగులనూ, తన గుట్టునూ ఒకేసారి నాకు అప్పగించిన చారి సార్‌కు. పెద్ద పని ఒక్కరితో కాదని చెప్పిన అజీజ్ భాయ్‌కి. ఆయన చెప్పింది నిజమే. సేవ్ చేసుకోని ఆ అమ్మాయికి, పేరు అడగడానికి కూడా నాకు ధైర్యం చాలలేదు, క్షమాపణతో కలిపి. ఉన్నది ఒక్క డౌటైనా వేళకు అడిగిన దేవదానానికి, ఇక ముందు కోడిని తీసేస్తాడన్న ఆశతో.

చివరగా, ఏసీ గదిలోకి రానివ్వకుండా రెండు రోజులు చెప్పుల దగ్గర నిలబెట్టినా పల్లెత్తు మాట అనని ఆ పన్నెండు మందికి. ఆ ఫైలు తర్వాత ఎన్ని చేతులు మారిందో నాకు తెలియదు గాని, చివరిసారి నేను తెరిచి చూసినప్పుడు కూడా వాళ్ళు లోపల రెండో వరుస నుంచి హాయిగా సర్దుకుని కూర్చుని ఉన్నారు. సమ్మక్కకూ సారలమ్మకూ చెరో వరుస.